చిట్టెమ్మ పిన్ని ఇంట్లో రెండో గ్లాసు టీ

ఈ సాయంత్రం మా సోదర సంఘం తరఫున పాలపొడి డబ్బా పట్టుకొని మన రైల్వే కాలనీలో ట్రాఫిక్ అనే పేటలో ఉన్న చిట్టెమ్మ పిన్ని క్వార్టరుకి వెళ్ళాను. వర్క్‌షాప్‌లో ఫిట్టరైన బాబాయి క్షయతో శానిటోరియంలో చేరినప్పటి నుంచి ఆ గుమ్మం తొక్కేవాళ్ళు లేరు.

మా సంఘానికి ఒక నియమం ఉంది. సాయం తీసుకెళ్ళినవాళ్ళు గుమ్మంలో ఇచ్చి వచ్చేయకూడదు. వరండాలో పదిమందికీ కనబడేలా కూర్చొని, ఆ ఇంటి టీ తాగి రావాలి. క్షయ టీ గ్లాసుతో అంటుకోదని కాలనీ అంతా కట్టిన అట్టల మీద అందంగా రాసింది నేనే. తీరా గ్లాసు చేతికొచ్చాక నా చెయ్యి పైకి లేవలేదు.

పిన్ని చూడనే చూసింది. "పారబోసెయ్ తల్లీ. నానేటీ అనుకోను" అంది.

సిగ్గేసింది. గటగటా తాగేసి, "ఇంకో గ్లాసు ఇయ్యి పిన్నీ" అన్నాను.

ఎదురింట్లో బట్టలు ఆరేస్తున్న నరసమ్మత్త ఇదంతా చూస్తోంది. "ఏటే సిట్టెమ్మా, టీ సంఘపోళ్ళకేనా? మాకు లేదేటి?" అంటూ తడి చేతులు తుడుచుకొని వచ్చి నా పక్కన కూర్చుంది. పిన్ని లోపలికి వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు. తెచ్చిన టీలో పంచదార రెండింతలుంది.

నా అట్టలు ఆర్నెల్లుగా చేయలేని పని ఒక గ్లాసు చేసిందని కొంచెం ఉక్రోషంగానే ఉంది. అయినా ఆ నియమం పెట్టిన మా సంఘాన్ని చూస్తే చాలా గర్వంగా ఉంది. రేపు ఆ వరండాలో ఇంకా ఇద్దరికి చోటుంది. రీడింగ్ రూం బోర్డు మీద ఈ కాగితం చదివిన మీలో ఎవరొస్తారు?