మావయ్యగారి పుటికి పొద

పక్కింటి మావయ్యగారు పోయారు. మార్గశిరం ఇంకా వెళ్ళలేదు. పొద్దున్నే స్నానం చేసి, టీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చిన మనిషి అక్కడే చప్టా మీద ఒరిగిపోయారు. గోడవతల అత్తయ్యగారి కేక విని పరుగెత్తాను. గ్లాసు మాత్రం ఆయన పక్కనే నిండుగా, జాగ్రత్తగా పెట్టి ఉంది. దేన్నీ ఒలకబోసే అలవాటు ఆయనకి లేదు.

ఆయన నాకు చుట్టం కాదు. వన్ టౌన్‌లో మా రెండిళ్ళకీ పెరటిగోడ ఒకటే, అంతే. పోర్టులో కళాసీగా చేసి రిటైరయ్యారు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకున్నప్పుడు వాళ్ళ ఊరూ అందులో పోయింది. అందరూ తలుపులూ దూలాలూ ఊడదీసుకుని వస్తుంటే, ఈయన కొండవార నుంచి ఒక పొదని వేళ్ళతో సహా తవ్వి, తడిగోనెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారట. దారంతా కండక్టరు తిడుతూనే ఉన్నాడని అత్తయ్యగారు ఇప్పటికీ చెప్తారు.

అది పుటికి పొద. మీలో చాలామంది చూసి ఉండరు. గరుకు ఆకులు, వేసవిలో బఠాణీగింజంత ఊదారంగు పళ్ళు, పులుపూ తీపీ కలిసి. కోసిన రోజే తినెయ్యాలి. మా వీధి చివరి కొట్టు సాయిబుగారు వీటినే ఫాల్సా అంటారు. శీతాకాలంలో ఆకంతా రాల్చేసి ఉత్త పుల్లలతో నిలబడుతుంది. ఈ ఆఖరి సంగతి నాకు అప్పట్లో తెలియదు.

నేను కొత్తకాపురానికి వచ్చేనాటికి పొద మనిషెత్తు పెరిగింది గానీ, నేను చూసిన రెండు వేసవుల్లోనూ గుప్పెడు పళ్ళు కాయలేదు. మావయ్యగారికి అదే బెంగ. పోర్టు నుంచి ఎగిరొచ్చే ఎర్రదుమ్ముని రోజూ సాయంత్రం చెంబుతో నీళ్ళు చల్లి ఆకుల మీంచి కడిగేవారు. స్నానం చేసి తువ్వాలు దాని మీదే ఆరేసేవారు. ఊరంతా పోగా ఆయనకి మిగిలింది ఆ పొద ఒక్కటే.

ఆ శీతాకాలం చుట్టాల పెళ్ళికని ఇద్దరూ పదిరోజులు భీమిలి వెళ్తూ, దానికి నీళ్ళు పొయ్యమని నాకు అప్పగించారు. నేను శ్రద్ధగా పోశాను. పోసినకొద్దీ ఆకులు రాలాయి. వారం తిరక్కుండా ఒక్క ఆకు లేదు. నా చేతిలో చచ్చిందనుకున్నాను. మాది గోదావరి వైపు, కొబ్బరీ అరటీ తప్ప ఎరగను. ఆయన ఆ ఎండుపుల్లల్ని చూడకూడదని మోకాలెత్తున నరికేసి, వాటితోనే మా ఆయన స్నానానికి నీళ్ళు కాచాను. నా తెలివి అలా ఏడిసింది.

తిరిగొచ్చాక ఆయన మొదళ్ళ దగ్గర కూర్చుని గోటితో బెరడు గీకి చూశారు. "ఆకు రాలిస్తే సచ్చిపోయినట్టేటమ్మా? నిద్దరోతాది" అన్నారు. అయితే అంత కిందకి నరికితే మళ్ళీ లేస్తుందో లేదో ఆయనకీ తెలియదు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదని అత్తయ్యగారు చెప్పారు.

మాఘం వెళ్ళేసరికి మొదళ్ళ నిండా చిగుళ్ళు. ఆ వేసవి కొత్తకొమ్మల మీద ఆకుకొక గుత్తి కాసింది. ఆయన గోడ మీంచి నన్ను పిలిచి నా దోసిట్లో పళ్ళు పోశారు. నవ్వుతున్నారు గానీ కళ్ళలో నీళ్ళున్నాయి.

"మా ఊర్లో ఏటేటా మేకలొచ్చి కొరికీసీవి. నాను కర్రట్టుకుని తోలీసీవోడిని. ఆ కొరికే పని సేసీవోళ్ళు నేకే ఇన్నాళ్ళూ కాయలేదమ్మా. మేక పని నువ్వు సేసినావు."

ఆ రోజు నుంచి నా పేరు మేక. పదేళ్ళుగా, ఆకు రాలగానే గోడ మీద కత్తి పెట్టి "మేకా, రా" అని పిలిచేవారు. నరకడానికి తనకి చేతులు రావట. వేసవి వచ్చిందంటే తలో దిక్కూ పోయిన వాళ్ళ ఊరివాళ్ళు ఒకరో ఇద్దరో వచ్చేవారు. పళ్ళు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవారు. ఆ వేళ ఆయన ముఖం చూడ్డానికైనా ఏటా నరకాలనిపించేది. కన్నతండ్రి కూడా నన్ను అంత ముద్దుగా పిలవలేదు.

ఈ ఏడు పిలుపు లేదు. దినాలు అయ్యాక నేనే కత్తి పట్టుకుని వెళ్ళాను. అత్తయ్యగారు అడ్డం వచ్చారు.

"ఈ ఏడు కొయ్యకే. ఆయన సెయ్యి తగిలిన కొమ్మలు."

కొయ్యకపోతే కాయదని ఆవిడకీ తెలుసు. కత్తి కింద పెట్టి పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. చాలాసేపటికి ఆవిడే కత్తి తీసి నా చేతికిచ్చారు.

"కానీ, మేకా. ఆ ఒక్క కొమ్మ ఒగ్గీ."

ఇప్పుడు వాళ్ళ పెరట్లో మోకాలెత్తు మొదళ్ళు, వాటి మధ్య పొడుగ్గా ఒక్క కొమ్మ. దాని మీద, ఆ పొద్దుట ఆయన ఆరేసిన తువ్వాలు అలాగే ఉంది, పోయిన వేసవి పళ్ళమరకలతో. సాయంత్రం అత్తయ్యగారు చెంబుతో నీళ్ళు తెచ్చి మొదళ్ళకి పోస్తారు, తువ్వాలు తడవకుండా.