చిన్నాన్న అరచెయ్యి

మా చిన్నాన్న మలేషియాలో బంటింగ్ దగ్గర పామాయిల్ మిల్లులో బాయిలర్ చూసేవాడు. ఏ యంత్రాన్నయినా అరచెయ్యి పెట్టి చూశాకే నమ్మేవాడు. సంతోషమేస్తే మాట చివర అక్కడివాళ్లలా ‘లా’ అని తగిలించేవాడు.

కాలేజీలో నా చివరి ఏడాది యానిమేషన్ సినిమాకి గ్రాఫిక్స్ కార్డు కావాల్సి వచ్చింది. రెండింటిని పోల్చి పట్టిక గీశాను. మెమరీలో, వేగంలో, అన్నిటా మొదటిదే గెలిచింది.

“కాయితం సరేరా, సెయ్యేటంటాది?” అన్నాడు చిన్నాన్న.

“షాపులో నడిపి చూశాను చిన్నాన్నా.”

“షాపులో ఏసీ ఉన్నాది. మనింట్లో ఏటున్నాది?”

మా ఇంట్లో ఉన్నది రేకుల కప్పు. షాపతను చిన్నాన్న స్నేహితుడే కాబట్టి రెండు కార్డులూ అడిగి తెచ్చాం. మిట్టమధ్యాహ్నం ఒక్కోదాన్ని అరగంట నడిపాం. కంప్యూటర్ వెనక పెట్టిన చేతిని మొదటి కార్డప్పుడు చిన్నాన్న చటుక్కున లాక్కున్నాడు. తెర మీద చూస్తే, వేడికి అది తన వేగం తానే తగ్గించుకుంటోంది. పెద్ద ఫ్యాన్లున్న రెండోది మాత్రం నింపాదిగా పని చేసుకుపోయింది.

దాంతోనే సినిమా గడువులోపల పూర్తయింది. కాలేజీలో మొదటి బహుమతీ వచ్చింది. నా చదువు వృథా పోలేదని అందరూ అన్నారు. నేను మాత్రం షీల్డు తెచ్చి చిన్నాన్న ఒళ్లో పెట్టాను. దాని మీద అరచెయ్యి ఆనించాడు.

“ఏడెక్కలేదు లా. మంచి సరుకే.”

చెయ్యి మాత్రం చాలాసేపు తియ్యలేదు.