కాగితం కింద ముఖాలు

మా ఎదురింటి డ్రాయింగ్ టీచరమ్మ సోమవారం పొద్దున పోయారు. నాచారంలో మా సందులో వేసిన షామియానా కూడా తీసేశారు. నాకు మాత్రం ఇంట్లో కాలు నిలవడం లేదు. మా అమ్మాయిని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాను. ఆ ధైర్యంలో సగం ఆవిడదే. ఇప్పుడు బొమ్మల పాఠం ఎవరు చెబుతారు?

అయిదారు వందల ఏళ్ల కిందట యూరప్‌లో వేసిన క్రైస్తవ చిత్రాలంటే ఆవిడకు ప్రాణం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లోంచి ఒక్కో బొమ్మ తెచ్చి మా గోడకు అంటించేవారు. దాని మీద పేపరు కప్పి, వారానికి జానెడు చొప్పున కిందినుంచి తెరిచేవారు. ముందు పాదాలు, తర్వాత చేతులు, చివర్న ముఖాలు. నాకు ఒళ్లు మండేది. "ఇలాగైతే సిలబస్ ఎప్పటికవుతుందండీ?" అంటే, "నీకేంది బిడ్డా గంత తొందర? మొఖం సూస్తే పిల్ల ఇగ వేరేది సూడది. చేతులు సూడనియ్ జర," అనేవారు.

ఒక బొమ్మలో ఏసు తల్లి మరియమ్మ ముఖం తెరిచిన మర్నాడు శుక్రవారం. మా అమ్మాయి పూజ గదిలోంచి కుంకుమ తెచ్చి ఆ తల్లికి బొట్టు పెట్టేసింది. ఇంట్లో పటాలన్నిటికీ పెడతాం కదా, దీనికీ పెట్టింది. నేను తడిగుడ్డతో పరుగెత్తాను. టీచరమ్మ పడీ పడీ నవ్వారు. "ఉండనియ్. రుద్దితే మొఖమే పోతది," అన్నారు. తర్వాత పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, "వాళ్లు బొట్టు పెట్టరు బిడ్డా, మోంబత్తి ముట్టిస్తరు," అని చెప్పారు. ఆ బొట్టు ఇంకా అలాగే ఉంది.

చివరి బొమ్మ సగమే తెరుచుకుంది. సిలువ మీది నుంచి దించిన కొడుకు పాదాలు, వాటిని పట్టుకున్న ఎవరివో చేతులు. పైనంతా పేపరే. పోయిన వారం ఉప్పల్‌లో ఆస్పత్రికి వెళుతూ ఆవిడ మా గేటు దగ్గర ఆగారు. "నేనొచ్చేదాంక తెరవకుండ్రి," అన్నారు.

నిన్న నాకు ఓపిక నశించింది. పాఠం ముగించి ఆ బొమ్మ తీసేద్దామని పేపరు అంచు పట్టుకున్నాను. ఆవిడ లేని పాఠాన్ని రోజూ చూడటం నా వల్ల కావడం లేదు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"గంత తొందరేందమ్మా? నువ్వింకా చేతులు చూడనేలేదు."

ఇద్దరం గోడ ముందు కూర్చున్నాం. ఒక చెయ్యి ఆ మడమ కింద ఉంది, నిద్రపోయే బిడ్డను ఎత్తుకునేంత మెల్లగా. "ఎవరిది?" అన్నాను.

"తెలీదు. వచ్చే వారం చూద్దాం," అంది. ఫ్యాను గాలికి పేపరు అంచు లేస్తుంటే, లేచి వేలితో నొక్కి పట్టుకుంది.