నోట్లో పైపు ఉండగా తమ్ముడు అన్న మాట

కొత్తకోటలో గాజుల దుకాణం నాది. రోజంతా నోరు పెట్టుకుని బతికేదాన్ని. ఎవరైనా జిన్నులు, దయ్యాలు అంటూ మొదలుపెడితే "గాజులు కొనేదుంటే కొను, లేకుంటే జరుగు" అనేదాన్ని. ఇప్పుడు నేనే మొదలుపెడుతున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

మా తమ్ముడు రఫీ బిజినేపల్లి దగ్గర కోళ్ల ఫారంలో పనిచేస్తాడు. అక్కడ కోళ్లు కుప్పలుగా చచ్చాయి. మా వైపు కోడి ఏ రోగంతో చచ్చినా కొక్కెర వచ్చిందనే అంటాం. వీడూ అట్లాగే అనుకుని, చచ్చినవాటిని ఉత్త చేతులతో ఎత్తి పూడ్చాడు. తర్వాత జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, ఆయాసం.

నాగర్‌కర్నూల్‌లో ఒక దవాఖానలో చేర్చాం. డాక్టరమ్మ కోళ్ల గురించి అడిగారు. "కొక్కెర మేడం, ఏటా వచ్చేదే" అన్నాను. కొక్కెరతో మనుషులకు ఇంత రాదని, మామూలు నిమోనియా మందులు మొదలుపెట్టారు. తగ్గలేదు. గొంతులో పైపు వేసి మిషన్ మీద పెట్టారు. వాడిక దక్కడనే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మంచం పక్కన నిలబడి ఉంటే, "ఆపా, బదల్ గయా" అని వినిపించింది. రఫీ గొంతే. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకుంటాం. అక్కా, మారిపోయింది అని దానర్థం. చూస్తే కళ్లు మూసుకునే ఉన్నాడు. దుప్పటి తడిసిందేమో, మార్చమంటున్నాడనుకుని నర్సుతో మార్పించాను. మార్చమనాలంటే 'బదల్ దో' అంటారు కదా, అది కూడా నాకు తట్టలేదు. మళ్లీ అదే మాట. ఈసారి చొక్కా మార్చమన్నాను.

నర్సుకు కోపమొచ్చింది. "నోట్లె పైపుంటె ఎట్ల మాట్లాడ్తడమ్మా? నిద్ర లేక గట్ల వినిపిస్తుంది. జర బయట కూసో."

"నా తమ్ముని గొంతు నాకు తెల్వదా!" అని నేనూ గట్టిగానే అన్నాను.

ఆ గొడవకు డాక్టరమ్మ వస్తే, నేను విన్న మాట చెప్పాను. ఏం మారిందట అని అడిగారు. ఏమో, నాకేం తెలుసు! రఫీ జ్వరంలో పడకముందు చెప్పిందంతా నోటికొచ్చినట్టు చెప్పేశాను. కోళ్ల తలలు ఉబ్బాయట, తురాయిలు నల్లబడ్డాయట, చూస్తుండగానే షెడ్డు ఖాళీ అయిందట. ఆమె ఒక్కసారిగా కంగారుపడ్డారు. "గిది ముందే చెప్పొద్దా అమ్మా?" అన్నారు. వెంటనే మాకందరికీ మాస్కులు, వాడికి వేరే గది, వేరే మందు. గొంతులోంచి నమూనా తీసి పంపారు.

బర్డ్ ఫ్లూ అని తేలింది. కొన్నాళ్లకు పెద్ద ల్యాబు నుంచి ఇంకో కబురు. రఫీ ఒంట్లో దొరికిన వైరస్ అచ్చం కోళ్లలో ఉన్నట్టు లేదట, దాని జన్యువుల్లో కొన్ని మార్పులు వచ్చాయట. మనిషి నుంచి మనిషికి అంటుతుందేమోనని మా ఇంటిల్లిపాదినీ పరీక్షించారు. అల్లా దయవల్ల ఎవరికీ లేదు. "వైరస్ కొద్దిగ మారిందమ్మా" అని డాక్టరమ్మ అన్నప్పుడు మాత్రం, ఆ రోజు విన్న 'బదల్ గయా' మళ్లీ నా చెవిలో పడ్డట్టయింది.

రఫీ బతికాడు. అడిగితే తనకేమీ యాది లేదని, పైపు వేసిన సంగతి కూడా తెలియదని అంటాడు. నిద్ర లేక నేనే ఏదో విన్నానా? ఇది కొక్కెర కాదని నా మనసుకే ముందు తెలిసిందా? తెలిస్తే మొదటిరోజే చెప్పేదాన్ని కదా! ఎటు ఆలోచించినా బుర్ర తిరుగుతోంది.

వాడు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే ఎవరికో శుక్రియా చెప్పాలనిపిస్తుంది. ఎవరికి చెప్పాలో తెలియక, "ఇంక జర ఏస్కోరా" అంటాను.