ఒక్కరికి సరిపడా నీళ్లు

2023 ఏప్రిల్. కర్నూలు, కడప జిల్లాల నడుమ నాపరాతి గనులున్న ఒక చిన్న పట్నం. అక్కడి ఆస్పత్రి వెనకవైపు డయాలిసిస్ గదిలో టెక్నీషియన్‌గా అది నాకు మూడో వేసవి. పొద్దున్నే గోడలు వేడెక్కిపోయేవి. కిడ్నీలు పనిచేయని వాళ్ల రక్తాన్ని మెషిన్ గుండా పంపి, శుభ్రం చేసి, ఒంట్లో పేరుకున్న నీటిని తీసేసి, మళ్లీ ఒంట్లోకి పంపడం మా పని. మా పేషెంట్లలో చాలామందికి మూత్రం రాదు. తాగింది తాగినట్టు ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకే రోజుకు ఇంతే అని కొలిచి చెప్తాం. రాయలసీమ ఎండల్లో మనిషిని నీళ్లు తాగొద్దని ఒప్పించడమే నా ఉద్యోగంలో సగం.

ఆ సగం నాకు చేతకాదు. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. పేషెంటు ఏం చెప్తే అది రాసుకుని తల వంచుకుని సూది గుచ్చేదాన్ని.

మా అమ్మ చర్చి సంఘంలో సండే స్కూలు చెప్తుంది. తమను తాము కాదనుకున్నవాళ్లే ప్రభువు వెనకాల నడవగలరని ఆమె ఎప్పుడూ అంటుంది. ఆ మాట నాకు చిన్నప్పటి నుంచి తేలికగానే తోచేది. బస్సులో సీటు వదిలేసేదాన్ని, పంక్తిలో చివర కూర్చునేదాన్ని, కాలేజీలో మార్కులు తప్పుగా వేసినా అడిగేదాన్ని కాదు. చర్చి బీరువాలో ఉన్న పాత మిషనరీల జీవితాలు తెచ్చుకుని చదివి, నచ్చినవి డైరీలో రాసుకునేదాన్ని. వెనకే ఉండిపోవడం, నోరు మెదపకపోవడం, ఇదే నా సిలువ అనుకునేదాన్ని. మోయడానికి పెద్ద బరువుగా కూడా ఉండేది కాదు.

ఆ గుడ్ ఫ్రైడే నాడు నాకు డ్యూటీ పడింది. మొదటి షిఫ్టుకు అందరికంటే ముందు వచ్చినవాడు దేవదానం తాత. కోయిలకుంట్ల వైపు ఒక పల్లె ఆయనది. గనుల్లో రాయి కొట్టి కొట్టి, ఒళ్లు నొప్పులకు అంగట్లో మాత్రలు మింగి కిడ్నీలు పోగొట్టుకున్నాడు. వాళ్ల సంఘంలో పెద్ద. మధ్యాహ్నం ఆరాధనలో ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఆ ఏడాది తాతకు ఐదో మాట వచ్చింది, దప్పిక మాట. పన్నెండుకల్లా ఊళ్లో ఉండాలని తొందరగా వచ్చాడు.

కాటా ఎక్కించాను. బరువు బాగా పెరిగి ఉంది.

"ఇంత ఎందుకు వచ్చింది తాతా?" అన్నాను మెల్లగా.

"జేబులో వాక్యం పుస్తకం ఉండాది తల్లీ. దాని బరువు."

"జేబులో బైబిల్ అంత బరువా?"

"శానా బరువు తల్లీ. మోసేటోళ్లకే తెలుస్తాది."

స్టాఫ్ నర్సు గౌసియా అక్క ఊరుకోలేదు. "ఉపవాసమని చెప్పి ఏం తాగినావు తాతా?"

"నలభై దినాలు పగలు నీళ్లే ముట్టలేదు. పొద్దు గూకినాక రోంత గంజి."

"గంజి నీళ్లు కాదా?"

"గంజి నీళ్లెట్లయితాది? అది అన్నం గదా!"

గౌసియా అక్క నెత్తి కొట్టుకుంది. అవి రంజాన్ రోజులు. నన్ను చూపిస్తూ, "నేనూ ఉపాసమే, నువ్వూ ఉపాసమే, ఈ పాప గూడా ఉపాసమే. ఈ గదిలో కడుపునిండా నీళ్లు తాగేది ఈ మిషన్లే" అంది.

నేను తాత మెషిన్‌కు ప్రైమింగ్ చేశాను. అంటే గొట్టాల్లో గాలి లేకుండా సెలైన్ నింపడం. ఆయాసం ఉందా అని అడగాలనుకుంటూ చెయ్యి తుడుస్తుండగా, పక్క గదిలోంచి కాలిన వాసన వచ్చింది. ఆర్‌ఓ ప్లాంటులో పెద్ద పంపు కాలిపోయింది.

మా బోరు నీళ్లు ఉప్పు, సున్నం. వాటిని ఆర్‌ఓలో శుద్ధి చేస్తేనే మెషిన్లకు పనికొస్తాయి. మామూలు నీళ్లు పెడితే అందులో ఉన్నవన్నీ నేరుగా రక్తంలోకి పోతాయి. కర్నూలు నుంచి మెకానిక్ రావాలంటే మధ్యాహ్నం దాటుతుందన్నారు. ట్యాంకు పక్కన ఉన్న గాజు గొట్టంలో చూశాను. అప్పటికే శుద్ధి చేసి పెట్టిన నీళ్లు అడుగున కొన్ని మిగిలి ఉన్నాయి. ఒక్క మనిషికి సరిపోతాయి. రెండో మెషిన్ మొదలుపెడితే దాన్ని కడగడానికే అవి అయిపోతాయి. మిగతా పేషెంట్లను ఆస్పత్రి అంబులెన్స్‌లో నంద్యాలకు పంపేశాం. తాతకు అప్పటికే మెషిన్ సిద్ధంగా ఉంది కాబట్టి ఆయన ఉండిపోయాడు.

సూది చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు సుంకన్న తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చేతుల మీద వాళ్లావిడ నాగలక్ష్మి వాలిపోయి ఉంది.

వాళ్లు మగ్గం నేసేవాళ్లు. ఏడాదిగా ఆమె మా పేషెంటు. పాతికేళ్లు కూడా ఉండవు. ఆమె మెషిన్ మీద ఉన్నంతసేపూ సుంకన్న గుమ్మం దగ్గర కూర్చుని అందరినీ ఆటపట్టించేవాడు. ఎక్కువగా తాతనే. "ఏమప్పా పెద్దాయనా, రోగాలన్నీ నయం చేసే దేవుడంటావు. నీకే రెండు కిడ్నీలు ఇయ్యలేకపాయనా?" అనేవాడు. తాత నవ్వేవాడు. "ఇచ్చినాడు సుంకన్నా. మాత్రలు మింగి పోగొట్టుకునింది నేను."

ఆ రోజు సుంకన్న మొహంలో ఆట లేదు. "కాళ్లు చేతులు ఆడ్తాలేవు మేడం. గుండె ఎట్లనో కొట్టుకుంటాంది అంటాది."

"ఏం తాపించినావు?" అంది గౌసియా అక్క.

"వేడి చేసిందని టెంకాయ నీళ్లు తాపిస్తి. నీళ్లు వద్దంటిరి గదా, టెంకాయే గదా అని..."

టెంకాయ నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పోయిన మనిషికి అది బయటకు పోదు. రక్తంలో పెరిగితే ముందు కండలు సడలుతాయి, తర్వాత గుండె ఆగుతుంది. క్యాజువాలిటీ నుంచి డాక్టరుగారు పరుగున వచ్చారు. ఈసీజీ కాగితం మీద గీతలు మేకుల్లా నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఇంజెక్షన్లు ఇచ్చారు. "ఇవి కాసేపే ఆపుతాయి. మెషిన్ పెట్టాల్సిందే. ఈమెను ఇప్పుడు రోడ్డెక్కిస్తే దారిలోనే పోతుంది" అన్నారు. తర్వాత తాత వైపు తిరిగారు.

"పెద్దాయనా, ఊపిరి ఎట్లా ఉంది? ఆగగలవా?"

తాత అప్పటికే మంచం దిగాడు. "నాకేం లేదు సార్. బండ మాదిరి ఉండా. చిన్న పిల్ల. ఆయమ్మకి పెట్టు తల్లీ."

కాటా మీద చూసిన బరువు నా కళ్ల ముందు ఉంది. కానీ డాక్టరుగారు అడిగారు, ఆయన చెప్పాడు. నేనేం అనలేదు. తాత కోసం సిద్ధం చేసిన మెషిన్ నాగలక్ష్మికి పెట్టాను.

మొదటి గంట నేను రెండే చూశాను. ఒకటి ఆమె మానిటర్, రెండోది ట్యాంకు గొట్టం. నీటి వేగం తగ్గించి పెట్టినా గొట్టంలో మట్టం దిగుతూనే ఉంది. మెల్లగా ఆమె గుండె గీతలు మామూలు రూపానికి వచ్చాయి. వేళ్లు కదిలించింది. సుంకన్న గుమ్మం దగ్గర చతికిలబడి మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు తాత వైపు చూశాను. మూలనున్న కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు. అంత ఎండలో దుప్పటి కప్పుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"ఏం చేస్తున్నారు తాతా?"

"ప్రార్థన... చేస్తాండా... తల్లీ."

మూడు మాటలకు మూడు ఊపిర్లు. గొంతులో బుడబుడమని చప్పుడు. ప్రార్థన అలా ఉండదు. "చెయ్యి ఇవ్వండి" అన్నాను. ఆయన దుప్పటి లోపలే పెట్టుకున్నాడు. ఇంకోసారి అడిగాను. తల అడ్డంగా ఊపాడు. నేను పెద్దవాళ్ల చెయ్యి గుంజిన మనిషిని కాదు. అయినా దుప్పటి లాగేసి, ఆయన వేలు పట్టుకుని, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సిమీటర్ పెట్టాను. తొంభై ఐదుకు పైన ఉండాల్సిన అంకె ఎనభై దాటి కిందికి పోతోంది. పాదాలు కుండల్లా ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, ఆక్సిజన్!" అని అరిచాను. ఆ గదిలో నేను అరవడం అదే మొదలు. గౌసియా అక్క ఉలిక్కిపడి చూసి, సిలిండర్ లాక్కొచ్చింది.

తాత ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరాయి. తీయగలిగేది మెషిన్ ఒక్కటే, నంద్యాల దాకా ఆయన ఆగలేడు. నీళ్లు మాత్రమే తీసే పద్ధతి ఒకటి ఉంది, ఐసోలేటెడ్ యూఎఫ్ అంటాం. దానికి ట్యాంకు నీళ్లు చాలా తక్కువ పడతాయి. కానీ మెషిన్‌ను మళ్లీ సిద్ధం చేయడానికి కొన్ని కావాలి. నాగలక్ష్మిని పూర్తిగా నడిపిస్తే అవీ మిగలవు. డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన యాక్సిడెంట్ కేసులో ఉన్నారు. గీతలు బాగుంటే ఆమెను దించి ఈయనను ఎక్కించమన్నారు.

సుంకన్న లేచి మెషిన్‌కు అడ్డం నిలబడ్డాడు. "తీసేది లేదు. నాలుగు గంటలు గదా ఎప్పుడూ పెట్టేది? సగంలో తీస్తే నా పెండ్లాం సచ్చిపోతే నువ్వు తెచ్చిస్తావా?"

ఇంకో రోజైతే నేను గౌసియా అక్క వెనక్కి వెళ్లి నిలబడేదాన్ని. కానీ ఆమె తాత దగ్గర ఆక్సిజన్ పట్టుకుని ఉంది. నా ముందు ఎవరూ లేరు.

"సుంకన్నా, చూడు. ఆమె గండం గడిచింది. మిగతాది పంపు బాగయినాక చేస్తా, నేనే చేస్తా. ఆయన పొద్దున డాక్టరుకు అబద్ధం చెప్పినాడు. నీ పెళ్లాం ఎక్కాలని చెప్పినాడు. పక్కకు జరుగు."

నా గొంతు నాకే వేరే మనిషిదిలా వినిపించింది. సుంకన్న జరగలేదు. మంచం మీంచి నాగలక్ష్మి మాట్లాడింది, బలంలేని గొంతుతో.

"గమ్మున జరుగు. టెంకాయ తెచ్చింది నువ్వు. ఆ నీళ్లు ఆయనవి."

అతను జరిగాడు.

ఆమె రక్తం ఆమెకు తిరిగి పంపి, ఆమెను పక్క మంచానికి మార్చి, తాతను ఆ మంచం మీదికి చేర్చి, గొట్టాలు మార్చి, మళ్లీ ప్రైమింగ్ మొదలుపెట్టాను. ఇందులో తొందర పనికిరాదు. ఒక గాలి బుడగ మిగిలి గుండెకు చేరినా మనిషి దక్కడు. వెనక నుంచి తాత ఊపిరి చప్పుడు, నీళ్లలో మునిగినవాడి చప్పుడు, వినిపిస్తూనే ఉంది. పడుకోబెడితే ఊపిరి ఆగిపోతుంది, కూర్చోవడానికి ఒంట్లో శక్తి లేదు. తల తిప్పి చూశాను. సుంకన్న మంచం ఎక్కి ఆయన వెనక కూర్చున్నాడు. తన వీపుకు ఆయన వీపు ఆనించుకుని, కాళ్లు గోడకు తన్నిపెట్టి, కదలకుండా ఆపుతున్నాడు.

"వాలు పెద్దాయనా. నేను పడనులే. దప్పిక మీద ప్రసంగం చెప్పేటోనికి ఒంటి నిండా నీళ్లేనా? ఏం మనిషివప్పా నువ్వు!" అంటున్నాడు.

సూదులు పెట్టాను. రక్తం గొట్టంలోకి ఎక్కింది. ట్యాంకు మట్టం గొట్టం అడుగును తాకింది. నీళ్లు మాత్రమే లాగమని మెషిన్‌కు చెప్పి, నేను ఆక్సిమీటర్ అంకెను చూస్తూ నిలబడ్డాను. అది చాలాసేపు కదలలేదు. తర్వాత ఒకటి పెరిగింది. తగ్గింది. మళ్లీ పెరిగింది. బుడబుడ చప్పుడు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. సుంకన్న "నిద్రపోయినాడా?" అని అడిగినప్పుడు గమనించాను.

ఆ మధ్యాహ్నం వాళ్ల ఊళ్లో ఐదో మాట ఎవరు చెప్పారో తెలియదు. పంపు బాగై, నాగలక్ష్మికి మిగిలిన గంటలు నడుస్తుండగా తాత కళ్లు తెరిచాడు. సుంకన్న బయటికి పోయి ఐస్ ముక్కలు తెచ్చాడు. మా పేషెంట్లకు దాహానికి మేమిచ్చేది అదే. ఒకటి భార్య నోట్లో, ఒకటి తాత నోట్లో పెట్టాడు. గౌసియా అక్కకూ ఒకటి చాచాడు. ఆమె నవ్వి, "నాకు ఇంకా పొద్దు గూకలేదు" అంది.

"అబద్ధం ఎందుకు చెప్పారు తాతా?" అన్నాను.

"ప్రభువు పాణమే ఇచ్చినాడు గదా తల్లీ. నేను ఒక పూట ఆగలేనా అనుకొంటి."

"ప్రభువు ఎవరికీ అబద్ధం చెప్పి ఇవ్వలేదు తాతా. మీరు నిజం చెప్పి ఉంటే అప్పుడే ఆక్సిజన్ పెట్టి, ఇద్దరికీ పంచేవాళ్లం."

ఆయన ఐస్ ముక్క దవడకు చేర్చుకుని పైకప్పు వైపు చూశాడు.

ఆ మాట ఆయనకంటే నాకే ఎక్కువ తగిలింది. ఆయన చేసినదాన్ని నేను తక్కువ చేయను. తనను వెక్కిరించేవాడి భార్య కోసం మంచం దిగినవాడు ఆయన. అంత త్యాగం నేను పుస్తకాల్లోనే చదివాను. కానీ ఆయన తన ఊపిరి దాచాడు, నేను నా నోరు దాచుకున్నాను. ఇద్దరం దాన్ని తగ్గింపు, వినయం అనే అనుకున్నాం. నేను కాదనుకోవాల్సింది బస్సులో సీటును కాదు. ఎవరేమంటారో అని వెనక నిలబడే ఆ భయాన్ని. ఇన్నేళ్లూ దాన్నే పెంచుకుంటూ సిలువ అని పేరు పెట్టుకున్నాను. ఆ రాత్రి డైరీలో ఇంత రాయలేకపోయాను. "ఈరోజు అరిచాను" అని మాత్రం రాశాను.

తర్వాతి వారం దేవదానం తాత వచ్చాడు. నేను పిలవకముందే కాటా దగ్గరికి వెళ్లి, జేబులోంచి వాక్యం పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టి, ఎక్కాడు.

"ఆయాసం రోంత ఉండాది తల్లీ. నిన్న గంజి గూడా తాగినా. రాసుకో. చాలునా?"

గుమ్మం దగ్గర సుంకన్న, మంచం మీద నాగలక్ష్మి, మిగతా పేషెంట్లు అందరూ చూస్తున్నారు. నేను గదంతా వినపడేలా అన్నాను.

"చాలదు తాతా. గంజి ఎన్ని గ్లాసులు?"