పదిహేనో కర్ర

మా బంధువుల పెళ్లిళ్లలో పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు మావారిని కదుపుతారు, ఆ గోల్ఫ్ కథ చెప్పండీ అని. ఆయన చెయ్యైనా కడుక్కోకుండా మొదలుపెడతారు: "మా ఆవిడ ఒకే ఒక్క కర్రతో ఓ కుర్రాడి భవిష్యత్తు పడగొట్టింది." బంతి అంతా నవ్వుతుంది. ఆ వాక్యంలో 'ఒకే ఒక్క కర్ర' అన్నంతవరకే నేను ఒప్పుకుంటాను. మిగతాదంతా కల్పన. ఉపద్రవం జరిగిన మాట నిజమే, అది చిన్నదీ కాదు. కానీ వినదలచుకుంటే నా దగ్గర వినండి. అక్కడున్నది నేను. మావారు ఆ సమయానికి నేరేడ్‌మెట్‌లో మా ఇంట్లో, టీవీ ముందు, నేను చేసి పెట్టిన ఉప్మా తింటున్నారు.

సుధీర్ మా అక్క కొడుకు. గోల్ఫ్ ఆడి బతుకుదామనుకున్న మనిషి. వాళ్ల నాన్నకి, అంటే మా బావకి, విజయవాడలో టైల్స్ షోరూమ్ ఉంది. కొడుకు కౌంటర్లో కూర్చోవాలని ఆయన కోరిక. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. బొల్లారం వైపు జరిగే ప్రొఫెషనల్స్ టోర్నమెంటులో సుధీర్ ఆదివారం దాకా నిలబడితే ఆట కొనసాగించొచ్చు. మధ్యలో ఇంటికొస్తే షోరూమే.

గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఇందులో ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప. (నా మాటల విషయంలో మావారు పాతికేళ్లుగా చెబుతున్న సూత్రమూ ఇదే.) గురు, శుక్రవారాలు అందరూ ఆడతారు. ఆ సాయంత్రం ఒక గీత గీసి, దానికి అవతల ఉన్నవాళ్లందరినీ ఇంటికి పంపేస్తారు. దాన్ని కట్ అంటారు. గీతకి ఇవతల ఉన్నవాళ్లే శని, ఆదివారాలు ఆడతారు. గురువారం సుధీర్ చక్కగా ఆడి ఇవతలే ఉన్నాడు. మా ఇంట్లోనే దిగాడు. అదే అతని మొదటి పొరపాటు.

ఇప్పుడు నా గురించి. మా ఇంట్లో మర్చిపోయిన వస్తువు ఏదైనా సరే, నా కాళ్ల మీదే గమ్యం చేరుతుంది. మావారి టికెట్లు పట్టుకుని సికింద్రాబాద్ స్టేషన్లో కదులుతున్న రైలు వెంట పరిగెత్తాను. మా అమ్మాయి హాల్‌టికెట్‌తో పరీక్ష కేంద్రం గేటు దూకినంత పని చేశాను. దీనికి ఎవరూ నాకు శాలువా కప్పలేదు. అది వేరే గొడవ.

శుక్రవారం పొద్దున సన్నటి తుంపర. సుధీర్ బూట్లు వేసుకుని గేటు బయట కారు పక్కన నిలబడ్డాడు. వానతొడుగు వేసిన కర్రల సంచి హాల్లో ఉంది, డ్రైవర్ వచ్చి తీసుకెళ్లాలి. నేను చివరిసారిగా గది తనిఖీ చేద్దామని లోపలికి వెళ్లాను. తెర వెనక ఒక కర్ర నిలబడి ఉంది. లావు తల, దాని మీద ఉన్ని టోపీ. అందరూ పెళ్లికి వెళ్లిపోతే ఇంట్లో వదిలేసిన పిల్లాడిలా నా వంక చూసింది.

ఇది మర్చిపోయావా అని అడగొచ్చుగా అంటారు. గుమ్మం దాటిన మనిషిని వెనక్కి పిలుస్తారా ఎవరైనా? అందులోనూ అంత ముఖ్యమైన పనికి వెళ్తుంటే? అందుకని చప్పుడు చెయ్యకుండా వానతొడుగు జిప్పు తీసి, టోపీ పెట్టుకున్న మిగతా కర్రల మధ్యలో దీన్నీ దూర్చి, జిప్పు పెట్టేశాను.

నేనూ అదే కారెక్కాను కదా, దారిలోనైనా చెప్పొచ్చుగా అని మా అక్క ఇప్పటికీ అంటుంది. వాడు చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆటకి ముందు ఎవరితోనూ మాట్లాడొద్దని కోచ్ చెప్పాడట. నేను జీవితంలో మొదటిసారి ఇంకొకరి నియమాన్ని గౌరవించాను. ఫలితం చూడండి.

మైదానంలో సుధీర్ క్యాడీ యాదగిరి ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి, బొల్లారం వాసి. సంచి మోస్తూ, ఆట మధ్యలో సుధీర్‌కి సలహా చెప్పే హక్కున్న ఏకైక వ్యక్తి. ఇంకెవరూ చెప్పకూడదట. అలాంటి ఆట కూడా ఒకటుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. మొదటి దెబ్బ కొట్టే ముందు అతను తొడుగులోకి చెయ్యి పెట్టి, కర్రలు తడుముతూ ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. మనిషి పొద్దుటి నుంచీ ఏమీ తిన్నట్టు లేడు.

"ఏమయ్యా, ఏమైనా తిన్నావా?" అన్నాను.

"తిన్న అమ్మా. జెర ఆగుండ్రి, లెక్క పెడుతున్న."

"ఏం తిన్నావు?"

"ఛాయ్, బిస్కెట్."

"అది తిండా? రెండు ఇడ్లీలు పెడతాను, కారప్పొడి కూడా ఉంది."

అతను నా చేతిలో డబ్బా చూశాడు, సంచి చూశాడు, మళ్లీ డబ్బా చూశాడు. ఇంతలో మైకులో సుధీర్ పేరు పిలిచారు. లెక్క అక్కడే ఆగిపోయింది. ఇడ్లీ మాత్రం లోపలికి వెళ్లింది.

బంతి పడాల్సిన పద్దెనిమిది గుంటల్లో మొదటి రెండూ సుధీర్ అద్భుతంగా ఆడాడు. నేను చూసేవాళ్ల కోసం కట్టిన తాడు ఇవతల గొడుగు పట్టుకుని నడుస్తూ, పక్కనున్న ఒక పెద్దమనిషికి వాడు మా అక్క కొడుకని, వాడి చిన్నప్పుడు నేనే అన్నం తినిపించానని చెబుతున్నాను. ఆయన నాకు దూరంగా జరిగాడు. నేను దగ్గరగా జరిగాను.

మూడో గుంట దగ్గర బంతి దొర్లుతూ వచ్చి, మా తాడుకి రెండు గజాల అవతల పొడుగు గడ్డిలో ఆగింది. సుధీర్, యాదగిరి వచ్చి దాన్ని రోగిని చూసినట్టు చూశారు.

"ఆ హైబ్రిడ్ కర్ర ఉంటే సుఖంగా పోయేది, అన్నా. ఇవాళే ఇంట్లో వదిలేసి వచ్చాను" అన్నాడు సుధీర్.

నా గుండె పొంగింది. రైలు వెంట పరిగెత్తిన దానికి, గేటు దూకబోయిన దానికి, అన్నిటికీ కలిపి బహుమతి అందుకునే ఘడియ వచ్చేసింది.

"ఉంది నాన్నా" అన్నాను తాడు మీదికి వంగి. "టోపీల మధ్యలో చూడు. నువ్వు మర్చిపోతే నేనే పెట్టాను."

సుధీర్ నా వంక చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత కోసం నేను చాలాసేపు వెతికాను. యాదగిరి తొడుగు తెరిచి, టోపీ కర్రని పైకి లాగాడు. బావిలోంచి పామును తీసినట్టు తీశాడు.

"ఏందమ్మా గిట్ల జేస్తిరి" అన్నాడు మెల్లగా.

అప్పుడు తెలిసింది. సంచిలో పద్నాలుగు కర్రలకి మించి ఉండకూడదు. ఇది వాడు కావాలనే ఇంట్లో వదిలేసిన పదిహేనోది. అది ఉన్నట్టు మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. దూరం జరిగిన పెద్దమనిషి కూడా వినలేదు. సుధీర్ నోరు మూసుకుని ఆడుకోవచ్చు. కానీ వాడు వెంటనే చెయ్యెత్తి రిఫరీని పిలిచాడు. నేను పెంచిన చెయ్యి అది. నాకు గర్వమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు కానివ్వాలో తెలియక తగాదాకి దిగాను.

రిఫరీ నిటారుగా, ఇస్త్రీ చేసిన మనిషి. అయిపోయిన రెండు గుంటలకీ రెండేసి దెబ్బలు కలుపుతామన్నాడు. మొత్తం నాలుగు.

"పెట్టింది నేనండీ. శిక్ష నాకు వెయ్యండి" అన్నాను.

"మీరు ఆడటం లేదు మేడమ్."

"వాడు దాన్ని ముట్టుకోను కూడా లేదు."

"వాడకపోయినా తప్పే. సంచిలో ఉంటే చాలు."

"ఉంటేనే తప్పయితే, మా ఇంట్లో ట్రెడ్‌మిల్ ఉంది. మావారికి పరుగుపందెంలో శిక్ష వేస్తారా?"

ఆయన వెయ్యం అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"సరే. పద్నాలుగే ఎందుకు?"

ఆయన చేతిలో వాకీటాకీ వంక చూశాడు, అదేమైనా చెబుతుందేమోనని. "రూల్ మేడమ్" అన్నాడు. పక్కనున్న వలంటీరు 'నిశ్శబ్దం' అని రాసిన అట్టని ఆట కోసం కాకుండా నా కోసమే పైకెత్తాడు.

ఆ తర్వాత నేను ఒక్క మాటా మాట్లాడలేదు. నమ్మండి. సుధీర్ పళ్లు బిగించి ఆడాడు. బాగా ఆడాడు కూడా. సాయంత్రం గీత గీసేసరికి రెండే రెండు దెబ్బలతో అవతల పడ్డాడు. చెట్టుకింద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు. వాడు నన్ను తిట్టి ఉంటే నేను జవాబు చెప్పి ఉండేదాన్ని. వాడు తిట్టలేదు. "ఇడ్లీ ఇంకా ఉందా పిన్నీ?" అన్నాడు.

మావారి కథ ఇక్కడ ముగుస్తుంది. నాది ఇక్కడే మొదలవుతుంది.

ఆ రాత్రి బావ ఫోన్ చేసి, వాణ్ని సోమవారం బండెక్కి వచ్చెయ్యమన్నాడు. ఫోన్ సుధీర్ చేతిలోంచి నేను తీసుకున్నాను.

"బావా, వాడు ఓడిపోయింది రెండు దెబ్బలతో. నావి నాలుగు. నా నాలుగూ తీసేస్తే వాడు ఆదివారం దాకా ఉన్నట్టే కదా."

"ఒప్పందం ఒప్పందమే, విమలా."

"ఒప్పుకుంటాను. ఓడినవాళ్లు షోరూమ్‌లో కూర్చోవాలి. ఓడింది నేను. సోమవారం బండికి నేనే వస్తున్నాను. ఏడాదిపాటు నీ కౌంటర్లో నేను కూర్చుంటాను. వచ్చిన ప్రతివాడికీ వాళ్లింటికి ఏ టైలు నప్పుతుందో, నీ రేటు ఎందుకు ఎక్కువో దగ్గరుండి చెబుతాను."

అటువైపు మా అక్క నవ్వు వినపడింది. తర్వాత బావ గొంతు సవరించుకున్నాడు.

"వాణ్నే ఇంకో ఏడాది ఆడుకోమను" అన్నాడు.

సుధీర్ ఇప్పటికీ ఆడుతున్నాడు. మధ్యలో రెండుసార్లు ఆదివారం దాకా నిలబడ్డాడు. సికింద్రాబాద్ వస్తే మాత్రం హోటల్లో దిగుతాడు. యాదగిరి సంచి ఇప్పుడు రెండుసార్లు లెక్కపెడతాడని, నేను కనపడితే మూడుసార్లు పెడతాడని విన్నాను.

ఆ రోజే మా దేవుడి గది ముందు నిలబడి ఒట్టేశాను. ఈ జన్మలో ఎవరు ఏది మర్చిపోయి వెళ్లినా, అది కర్రైనా కళ్లజోడైనా, నా చేత్తో ముట్టుకోను. మొన్న మావారు ఫోన్ టేబుల్ మీద వదిలేసి గుమ్మం దాటారు. నేను కాఫీ తాగుతూ దాని వంకే చూస్తూ కూర్చున్నాను. అది పదకొండుసార్లు మోగింది. అన్నీ ఆయనే, వేరేవాళ్ల ఫోన్ అడుక్కుని చేసినవి. ఒట్టు అంటే ఒట్టే.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. సుధీర్‌ని అడిగాను, తెలియదన్నాడు. యాదగిరి నవ్వి ఊరుకున్నాడు. ఆ ఇస్త్రీ రిఫరీ నన్ను ఓ పెళ్లిలో దూరం నుంచి చూసి ఇంకో ద్వారంలోంచి వెళ్లిపోయాడు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పదమూడు కాదు, పదిహేను కాదు, పద్నాలుగే ఎందుకు?