మీడియేటర్ శేషన్న

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో, రాయచోటి దారిలోని మా గుండ్లపెంట సంతలో ఎద్దుల బేరమంటే శేషన్నే. కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి చెయ్యి తన తుండుగుడ్డ కింద పట్టుకునేవాడు. ధర నోటితో చెప్పడం మా సంతలో మర్యాద కాదు. గుడ్డ కింద వేళ్ళు నొక్కి చెప్పాల్సిందే. ఎన్ని వేళ్ళు నొక్కారో ఆ ముగ్గురికే తెలుసు. రసీదు ఉండదు. దళారి మాటే సాక్ష్యం.

అలాంటి మనిషికి ఒక ఇంగ్లీషు మాట తగులుకుంది. పోలీసులు సొత్తు ఏదైనా పట్టుకుంటే ఊరివాళ్ళిద్దరి ఎదుట రాసుకోవాలి. ఆ ఇద్దరినీ మీడియేటర్లు అంటారు. శేషన్నకు సంతకం చేయడం వచ్చు, నలుగురిలో పేరుంది. అందుకని హెడ్డు కానిస్టేబులు అతన్ని పిలిచాడు. ఆ మాటకు అర్థమేమిటో కనుక్కుందామని శేషన్న బడికి పోయి బసవరాజు అయ్యవారిని అడిగాడు.

"మధ్యలో ఉండేవాడు శేషన్నా. తగువులో అయితే ఇద్దరి నడుమ నిలబడి సర్దిచెప్పేవాడు. పోలీసు కాగితంలో అయితే జరిగింది కళ్ళారా చూసి, చూసినానని చెప్పేవాడు. యాడైనా సరే, ఒక పక్కకు ఒరగగూడదు."

"అయితే నేను మొదట్నుంచీ అదే పని చేస్తాండా గదా సామీ!" అని శేషన్న పొంగిపోయాడు. అయ్యవారి చివరి మాట చెవికెక్కిందో లేదో.

ఆనాటి నుంచి ఉత్త శేషన్నా అంటే పలికేవాడు కాదు. మేమూ తక్కువ తినలేదు. ముందర మీడియేటర్ గారూ అని, ఆయన అటు తిరగ్గానే లేని మీసం మెలేసి చూపించి నవ్వుకునేవాళ్ళం. స్టేషన్ అరుగు మీద బెంచీ వేసి టీ ఇస్తే చాలు, హెడ్డు వేలు పెట్టిన చోటల్లా సంతకం గీకేవాడు. ఏం పట్టుకున్నారో, ఎవరింట్లో పట్టుకున్నారో అడిగిన పాపాన పోలేదు.

అలా గీకిన సంతకమే ఒకటి ఏసేపును ముంచింది.

ఏసేపుది ఊరి చివర చర్చి పక్క గుడిసె, కాస్త మెట్టచేను. కూలీ నాలీ చేసి కూడబెట్టి, ఉగాది ముందటి సంతలో మచ్చల ఎద్దును కొన్నాడు. బేరం కుదిర్చింది శేషన్నే. అమ్మినవాడు బళ్ళారి వైపు మనిషి, మళ్ళీ సంతకు రాలేదు. ఉగాది దాటాక మా పెద్దకాపు ఎద్దు ఒకటి పోయింది. దానికీ అలాంటి మచ్చలే. పోలీసులు వచ్చి ఏసేపు ఎద్దును తోలుకుపోయారు, ఏసేపును కూడా.

కోర్టుకు పోయేనాడు ఏసేపు తన భార్య మరియమ్మకు ధైర్యం చెప్పాడు: "శేషన్న వస్తాండాడు. ఇంగ మనకు బయం లేదు."

కోర్టులో కాగితాన్ని తెలుగులో చదివి వినిపించారు. దొంగ ఎద్దును ఏసేపు గడ్డివాము చాటున దాచి ఉంచగా, శేషన్న కళ్ళెదుటే పట్టుకున్నారట. ఆ గడ్డివాము దరిదాపుల్లోకి శేషన్న పోనే లేదు.

"సామీ, ఈ ఎద్దును బేరం చేసింది ఆయప్పే. అడగండి," అన్నాడు ఏసేపు.

"నువ్వు చేశావా ఈ బేరం?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

వాకిట్లో నిలబడి హెడ్డు గుడ్లురుముతున్నాడు. చేశానంటే ఆ కాగితం అబద్ధమని తేలుతుంది, చూడకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవాలి. మీడియేటర్ పేరు పోతుంది, కేసు తన మెడకే చుట్టుకుంటుంది.

"గురుతు లేదు సామీ," అన్నాడు శేషన్న.

ఏసేపు అతని మొహం వైపు చూడలేదు, చేతుల వైపు చూశాడు. శేషన్న ఆ చేతుల్ని తుండుగుడ్డలోకి లాక్కున్నాడు.

ఏసేపును కడప జైలుకు పంపారు. ఎద్దు పెద్దకాపు కొట్టం చేరింది. వానలు పడ్డా దున్నే దిక్కులేక చేను బీడుపడింది. శేషన్న చర్చి వైపు నడవడం మానేశాడు. మీడియేటర్ అని పిలిస్తే పేడ మొహాన పడ్డట్టు తల తిప్పుకునేవాడు. ఒకనాడు అయ్యవారి దగ్గర ఏడ్చేశాడు. "గురుతు లేదంటి సామీ. ఆ పొద్దు ఏసేపు నొక్కిన ప్రతి వేలూ గురుతుండాది."

"అయితే పోయి చెప్పు, ఇప్పుడైనా."

"సిగ్గేస్తాండాది సామీ."

"ఆ సిగ్గు ఆ పొద్దు ఉండాల్సింది," అని అయ్యవారు లేచి లోపలికి పోయాడు. శేషన్న చెప్పలేదు.

జైలు నుంచి వచ్చిన ఏసేపు, మరియమ్మ కమ్మలు అమ్మి మళ్ళీ సంతకు వచ్చాడు. ఒక కోడెను చూసుకుని నేరుగా శేషన్న ముందుకే వచ్చాడు. శేషన్న తలెత్తకుండానే గుడ్డ పరిచి చెయ్యి చాపాడు.

"గుడ్డ తీసెయ్ అన్నా," అన్నాడు ఏసేపు. "దర నోటితో చెప్పు, సంతంతా ఇనబడేట్ల. గుడ్డ కింద మాట నీకు గురుతుండదు."

చుట్టూ బేరాలు ఆగిపోయాయి. మాలో ఒక్కరూ నవ్వలేదు. శేషన్న గుడ్డ తీసి భుజాన వేసుకుని ధర చెప్పాడు. మొదటిసారి ఎవరికీ వినిపించలేదు. మళ్ళీ చెప్పాడు.

వెనకాల వంతు కోసం నిలబడ్డ ఇమాం వలి తన ఎద్దును ముందుకు తోలాడు.

"మాకూ నోటితోనే చెప్పప్పా," అన్నాడు.